పాలలెక్క పక్కన ఇంకో లెక్క



నాది దిండి. వశిష్ఠ గోదావరి ఒడ్డున, చించినాడ వంతెనకి ఇవతల ఉన్న ఊరు. హౌస్‌బోటు ఎక్కడానికి, గోదావరి చూడ్డానికి మా ఊరు చాలామంది వస్తారు. నేను ఇక్కడే పుట్టాను. కొబ్బరితోట చూసుకుంటూ ఇక్కడే బతుకుతున్నాను. ఈ పావుగంటలో మీకు ఒకే ఒక్క మాట చెబుదామని వచ్చాను.

ఆ మాట ఇది. ఇంట్లో భార్యకో, భర్తకో క్యాన్సర్ వైద్యం జరుగుతుంటే, ఆ వైద్యం లెక్క గోడ క్యాలెండర్ మీద రాయండి. మనసులో పెట్టుకోకండి. గోడ మీద పెట్టండి.

ఇంతేనా అంటారేమో. ఇంతేనండి. కానీ ఈ కాస్త పని చెయ్యక మా ఇంట్లో ఏం జరిగిందో, చేశాక ఏం మారిందో చెబుతాను. వినండి.

మా ఆవిడకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది. కార్తీకమాసంలో కీమో మొదలుపెట్టారు. కీమో అంటే, సెలైన్ ఎక్కించినట్టే నరంలోకి మందు ఎక్కించడం. మా ఆవిడకి ఇచ్చిన మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది. అది ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఆసుపత్రివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పారు. అందుకని మేము భయపడలేదు. 21 రోజులకి ఒకసారి చొప్పున ఆ మందు నాలుగుసార్లు ఇవ్వాలన్నారు. తరువాత వేరే మందు వారం వారం. ఆ తరువాత రేడియేషన్.

మొదటి కీమో అయింది. ఇంటికొచ్చాం. నాలుగైదు రోజులు వాంతులు, నీరసం. తరువాత తేరుకుంది. లేచి తిరిగింది. గండం గడిచిందనుకున్నాను. ఒక రాత్రి పడుకోబోయే ముందు, "ఏవండీ, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. పారాసిటమాల్ వేసుకుని పడుకుంటాను" అంది. సరే అన్నాను. తెల్లారేసరికి జ్వరం 102. మనిషి వణికిపోతోంది. కారు మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

అక్కడ సిస్టర్ గారు అడిగారు. కీమో ఏ తారీఖున ఎక్కింది? ఇవాళ్టికి ఎన్నో రోజు? జ్వరం ఎన్నింటికి మొదలైంది? ఏ మాత్ర వేశారు? ఎన్ని గంటలకి వేశారు?

నేను నోరు తెరవలేకపోయాను. కిందటి దింపులో ఎన్ని కాయలు దిగాయో అడిగితే చెప్పగలను. వాటిలో వలుపుకి ఎన్ని వేశామో చెప్పగలను. నా పక్కన పడుకునే మనిషికి ఒళ్ళు ఎప్పుడు కాలిందో చెప్పలేకపోయాను.

అది పదో రోజు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయే రోజులవి. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచి, ఇంజెక్షన్లు చేసి పంపారు.

ఇంటికి వచ్చాక, ఆవిడని మంచం మీద పడుకోబెట్టి, కాసిని పాలు వెచ్చబెడదామని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్కన గోడకి క్యాలెండర్ ఉంది. మీ ఇళ్ళల్లోనూ ఉంటుంది. తిథి, వర్జ్యం అన్నీ ఉండే పెద్ద క్యాలెండర్. ఒక్కో గడిలో మా ఆవిడ రాసిన పాలలెక్క. అర. అర. ఒకటి. చుట్టాలొచ్చిన రోజున ఒకటిన్నర. గ్యాస్ బండ వచ్చిన రోజున చిన్న సున్నా. దింపు అయిన రోజున కాయల లెక్క. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నదే. కానీ ఆ రోజు నాకు రాసినవి కాదు, రాయని గడులు కనపడ్డాయి. వరసగా ఐదు ఖాళీ గడులు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ మా ఇంటి లెక్క ఆగిపోయింది.

అప్పుడు తట్టింది నాకు. పాలకి లెక్క రాస్తున్నాం. గ్యాస్‌కి రాస్తున్నాం. కొబ్బరికాయకి రాస్తున్నాం. మనిషికి ఎందుకు రాయడం లేదు?

రెండో కీమో నుంచి రాయడం మొదలుపెట్టాం. ఎలా రాశామో నెమ్మదిగా చెబుతాను.

కీమో ఎక్కిన రోజు గడిలో ఎర్ర పెన్సిల్‌తో ఒకటి వేశాం. మర్నాడు రెండు. ఆ మర్నాడు మూడు. అలా 21 దాకా. అంతే. అప్పటిదాకా మాకు ఆ రోజులన్నీ ఒకేలా ఉండేవి. అంకెలు వేశాక, వాటికి ఒక నడక ఉందని తెలిసింది.

మా ఊరివాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. వశిష్ఠ సముద్రంలో కలిసేది అంతర్వేది దగ్గర. మాకు దూరం కాదు. అందుకని మా రేవులో కూడా ఆటుపోట్లు తెలుస్తాయి. వంతెన లేని రోజుల్లో అవతలి ఒడ్డుకి పడవ మీదే వెళ్ళేవాళ్ళం. పడవ నడిపే మనిషి పోటుకి ఎదురు పడి తెడ్డు వెయ్యడు. నీరు ఎప్పుడు తిరుగుతుందో అతనికి తెలుసు. అందాకా ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటాడు. తిరిగాక పడవ వదులుతాడు. నీటిని మార్చడం అతని చేతిలో లేదు. వేళ తెలుసుకోవడం అతని చేతిలో ఉంది. కీమో కూడా అంతేనండి. దాన్ని మార్చడం మన చేతిలో లేదు. దాని వేళ తెలుసుకోవడం మన చేతిలో ఉంది.

మా ఇంట్లో 21 రోజుల్ని మూడు వారాలుగా విడదీసి పేర్లు పెట్టుకున్నాం. మొదటిది ఓర్పు వారం. రెండోది జాగ్రత్త వారం. మూడోది మంచి వారం. మళ్ళీ చెబుతాను. ఓర్పు వారం, జాగ్రత్త వారం, మంచి వారం.

ఓర్పు వారం సంగతి. మందు ఎక్కిన రాత్రి మా ఆవిడకి నిద్ర పట్టేది కాదు. వాంతులు రాకుండా ఇచ్చే మందుల్లో ఒకదాని వల్ల అలా అవుతుందని డాక్టర్ గారు చెప్పారు. తెలియక ముందు, ఏదో దిగులుతో నిద్రపోవడం లేదనుకుని నేను ధైర్యం చెబుతూ కూర్చునేవాణ్ణి. తెలిశాక, ఒకటో గడిలో "ఈ రాత్రి నిద్ర ఉండదు" అని రాసుకున్నాం. రేడియో పెట్టుకుని ఇద్దరం వసారాలో కూర్చునేవాళ్ళం.

మొదటి రెండు రోజుల గడుల్లో ఇంకోటి రాశాం. "నీళ్ళు రెండుసార్లు." ఆ 48 గంటల్లో మందు మూత్రంలోంచి, వాంతిలోంచి బయటికి వస్తుంది. అందుకని బాత్రూమ్‌లో రెండుసార్లు నీళ్ళు పొయ్యాలి. మురికి పడిన బట్టలు విడిగా ఉతకాలి. ఉతికేటప్పుడు చేతులకి గ్లవ్స్ వేసుకోవాలి.

ఇక తిండి. మా ఆవిడకి చేపల పులుసంటే ప్రాణం. ఓర్పు వారంలో పక్కింట్లో తాలింపు వేసినా కడుపులో తిప్పేది. "ఏం తింటావు? ఏం చెయ్యమంటావు?" అని గంటకోసారి అడిగేవాణ్ణి. ప్రేమతోనే అడిగేవాణ్ణి. కానీ కడుపులో తిప్పుతున్న మనిషికి ఆ ప్రశ్న కూడా బరువేనని ఆలస్యంగా తెలిసింది. క్యాలెండర్ వచ్చాక అడగడం మానేశాను. ఏది లోపలికి వెళ్ళిందో గడిలో రాసేవాణ్ణి. మూడో రోజు, మజ్జిగన్నం నాలుగు ముద్దలు. చారు వద్దంది. నాలుగో రోజు, చల్లారిన ఇడ్లీ ఒకటి. ఐదో రోజు, రాగిజావ. తరువాతి కీమోకి అదే వరసలో పెట్టాను. చాలావరకు నిలిచింది. వేడన్నం ఆవిరి వాసన ఆవిడకి పడదు, చల్లారితే పడుతుంది అని తెలిసింది కూడా ఆ రాతల వల్లే.

రెండోది జాగ్రత్త వారం. ఇది ముఖ్యం. చూడ్డానికి మనిషి బాగానే ఉంటుంది. లేచి తిరుగుతుంది. నేను మోసపోయింది ఇక్కడే. పైకి బాగున్న రోజుల్లోనే లోపల తెల్లకణాలు తక్కువగా ఉంటాయి. ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, గడి గడికీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జ్వరం చూసి రాశాను. థర్మామీటర్ దారం కట్టి క్యాలెండర్ పక్కనే వేలాడదీశాను. 100.4 వచ్చినా, దాటినా ఆసుపత్రికి ఫోన్. రాత్రి అయినా ఫోన్. పండగ అయినా ఫోన్. ముందు పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకండి. ఆ మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది, లోపలున్న ఇన్‌ఫెక్షన్ తగ్గదు. మళ్ళీ చెబుతున్నాను. కీమో జరుగుతున్న మనిషికి 100.4 వచ్చినా, దాటినా తెల్లారేదాకా ఆగకండి.

ఆ వారంలోనే నోరు పూస్తుంది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి పుక్కిలించమన్నారు. రోజుకి నాలుగుసార్లు. పుక్కిలించినప్పుడల్లా గడిలో ఒక గీత. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. పచ్చి కూరలు, బయటి తిండి మానేశాం. కాచి చల్లార్చిన నీళ్ళే.

ఆ వారం చుట్టాలు కూడా వద్దు. ఇది చెప్పడం కష్టమండి. మన వైపు జబ్బు చేసిందంటే పలకరించడానికి రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళని వద్దనడం ఇంకా పెద్ద తప్పు. కానీ చేతిలో క్యాలెండర్ ఉంటే మాట సులువవుతుంది. "పిన్నిగారూ, ఈ వారం రక్తకణాలు తక్కువగా ఉంటాయటండి. పై ఆదివారం రండి, మీ కోసం చూస్తూ ఉంటుంది" అనేవాణ్ణి. ఒక్కరు కూడా నొచ్చుకోలేదు. రావద్దంటే కదా బాధ. ఎప్పుడు రావాలో చెబితే బాధ ఎందుకుంటుంది?

మూడోది మంచి వారం. పదిహేనో రోజు నుంచి ఇరవై ఒకటి దాకా. ఆకలి వేస్తుంది. నోరు మానుతుంది. ఆ వారం కోసం పనులు దాచుకోండి. మా ఇంట్లో భోగి, సంక్రాంతి మూడో కీమో మంచి వారంలో పడ్డాయి. డిసెంబరులోనే క్యాలెండర్ చూసి ఆ సంగతి తెలుసుకున్నాం. అమ్మాయిని, అల్లుడిగారిని రమ్మన్నాం. మా ఆవిడ తలకి చీర కొంగు బిగించి, కుర్చీలో కూర్చుని, ఎక్కడ ఏ చుక్క పెట్టాలో మనవరాలికి చెప్పి ముగ్గు వేయించింది. చేపల పులుసు కూడా ఆ వారంలోనే తిన్నది.

నాలుగో కీమో కనుమ వెళ్ళాక అయింది. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం దాని జాగ్రత్త వారంలో పడింది. ఏటా వెళ్తాం మేము. లక్షల జనం. ఆవిడే క్యాలెండర్ దగ్గర నిలబడి వేలితో గడులు లెక్కపెట్టుకుని, "ఈ ఏడు ఇంట్లోంచే దణ్ణం పెట్టుకుందామండి" అంది. నేను వద్దనలేదు. డాక్టర్ గారు వద్దనలేదు. లెక్క చూసుకుని తనే అనుకుంది. జబ్బు మనిషి చేతిలోంచి ఎన్నో లాగేసుకుంటుంది. ఇది మాత్రం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను చెప్పిన 21 రోజుల లెక్క మా ఆవిడకి ఇచ్చిన మందుది. కొందరికి వారం వారం ఇస్తారు. కొందరికి 14 రోజులకి ఇస్తారు. కొందరికి మాత్రలే ఉంటాయి. మా లెక్క మీకు పనికిరాదు. మీ డాక్టర్ గారిని అడగండి. ఏ రోజుల్లో ఏం రావచ్చు? ఏ రోజుల్లో జ్వరం చూడాలి? ఏది కనపడితే వెంటనే రావాలి? ఈ మూడూ అడిగి, మీ క్యాలెండర్ మీరు రాసుకోండి.

క్యాలెండర్ పై అంచున కూడా కొన్ని రాసుకోండి. ఆసుపత్రి వార్డు ఫోన్ నంబరు. మందు పేరు. పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు. మా ఆవిడకి ఆపరేషన్ అయిన వైపు చేతికి సూదులు, బీపీ పట్టీ వద్దన్నారు. "ఎడమ చెయ్యి వద్దు" అని పెద్ద అక్షరాలతో రాశాను. నేను ఊళ్ళో లేనప్పుడు ఎవరు తీసుకెళ్ళినా ఆ మాట వాళ్ళ కంట పడాలి.

మా చుట్టం ఒకావిడ అంది, "గోడ మీద ఆ జబ్బు సంగతి ఎందుకు బాబూ, వచ్చిపోయేవాళ్ళు చూస్తారు" అని. ఆ మాట చాలా ఇళ్ళలో వింటాం. క్యాన్సర్ అన్న మాట నోటితో కూడా అనరు. ఆవిడతో నేనొకటే చెప్పాను. నందమూరి తారక రామారావు గారి భార్య బసవతారకం గారు 1985లో క్యాన్సర్‌తో పోయారు. ఆవిడ పేరున హైదరాబాదులో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2000 సంవత్సరంలో మొదలైంది. ఒక భార్య పేరు అంత పెద్ద బోర్డు మీద ఉంది. ఎంతోమంది ఆ పేరు చూసుకుంటూ లోపలికి వెళ్ళి వైద్యం చేయించుకుంటున్నారు. మన వంటింటి గోడ మీద ఒక గడిలో రాసుకోవడానికి మనకి సిగ్గెందుకు? ఇది అంటుకునే జబ్బు కాదు. కంచం వేరు పెట్టక్కర్లేదు. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ తీసుకున్నా, ఇంటికొచ్చి పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు.

డబ్బు సంగతి కూడా ఆ క్యాలెండర్ మీదే. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద, కార్డు ఉన్నవాళ్ళకి కీమోకి, రేడియేషన్‌కి సాయం ఉంది. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసేవాళ్ళు ఒకరుంటారు. ముందు వాళ్ళని కలవండి. రైలులో వైద్యానికి వెళ్ళేవాళ్ళకి రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి టిక్కెట్టు ఉచితం. తోడు వెళ్ళేవాళ్ళకి నూటికి 75 వంతులు తగ్గిస్తారు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మా వైపు రైలెక్కాలంటే పాలకొల్లో, నరసాపురమో వెళ్ళాలి. అందుకని ప్రయాణానికి వారం ముందు గడిలో "కాగితం, టిక్కెట్టు" అని రాసుకోండి.

ఇప్పుడు మనసు సంగతి. ఒకరోజు గడి మధ్యలో చిన్న చుక్క కనపడింది. పెన్సిల్‌తో, ముగ్గు చుక్కలా. ఏమిటని అడిగాను. "నేను చుక్క పెట్టిన రోజున నన్ను ఏమీ అడక్కండి. ఊరికే పక్కన కూర్చోండి" అంది. ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. చుక్కతో చెప్పింది. అప్పటి నుంచి పొద్దున్నే ముందు చుక్క ఉందేమో చూసేవాణ్ణి. ఉంటే కుర్చీ తెచ్చుకుని కూర్చునేవాణ్ణి. అంతే.

ఇంకో రోజు, వారం వారం మందు నడుస్తున్నప్పుడు, ఇంకో రాత కనపడింది. ఆవిడ అక్షరాలే. వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటే వంకర టింకరగా రాసింది. "మీ బీపీ మాత్ర." నేను అప్పటికి నాలుగు రోజులుగా వేసుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తులేదు. ఆవిడ చూసింది. మాత్రల అట్ట మీద ఎన్ని మిగిలాయో లెక్కపెట్టింది.

వైద్యం చేయించుకుంటున్నది ఆవిడ. నన్ను కనిపెట్టుకుని ఉన్నది కూడా ఆవిడే. ఆ రోజు నుంచి మా క్యాలెండర్ గడిలో రెండు వరసలు. పైది ఆవిడది. కిందది నాది. నేను వేళకి తిన్నానా, మాత్ర వేసుకున్నానా, మధ్యాహ్నం ఒక గంట పడుకున్నానా. వారానికి ఒక సాయంత్రం మా బావమరిది వచ్చి ఆవిడ దగ్గర కూర్చునేవాడు. నేను రేవు దాకా నడిచి వచ్చేవాణ్ణి. అదీ రాశాం. తోడున్న మనిషి పడిపోతే ఇద్దరూ పడిపోయినట్టే. మనసు మరీ బరువైతే 14416 అని టెలిమానస్ నంబరు ఉంది. తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. ఆ నంబరు కూడా క్యాలెండర్ అంచున రాసుకోండి.

వేసవిలో రేడియేషన్ పెట్టారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా, శని ఆదివారాలు సెలవు. మొత్తం పదిహేను. ఆసుపత్రి దగ్గర చిన్న గది తీసుకుని ఉన్నాం. ఇంటి క్యాలెండర్ మేకు నుంచి తీసి, చుట్టి, సంచిలో పెట్టుకుని పట్టుకెళ్ళాం. రోజూ తిరిగొచ్చాక ఒక గడి కొట్టేసేది ఆవిడే.

ఇప్పుడు మూడు నెలలకోసారి పరీక్షకి వెళ్తున్నాం. ఆ తారీఖు దగ్గర పడుతుంటే ఇద్దరికీ గుండె గుబగుబలాడుతుంది. మీతో దాచను. కానీ ఆ తారీఖుకి ముందూ వెనకా ఉన్న గడుల్లో మళ్ళీ పాలలెక్క పడుతోంది. అర. అర. ఒకటి. ఆవిడ రాతే.

శ్రోతలారా, చివరిగా మళ్ళీ అదే మాట. మనసులో పెట్టుకోకండి. గోడ మీద పెట్టండి. మందు ఎక్కిన రోజుని ఒకటి అని రాయండి. ఓర్పు వారం ఏదో, జాగ్రత్త వారం ఏదో, మంచి వారం ఏదో మీ డాక్టర్ గారిని అడిగి తెలుసుకోండి. 100.4 వచ్చినా, దాటినా ఆగకండి. పై వరస జబ్బు మనిషిది, కింది వరస తోడు మనిషిది.

ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి. పెన్సిల్ ముక్క ఒకటి వెతికి, దానికి పురికొస కట్టి, క్యాలెండర్ మేకుకి వేలాడదియ్యండి. పురికొస కాస్త పొడుగ్గా ఉంచండి. కుర్చీలో కూర్చున్న మనిషికి కూడా అందాలి.